నాకు లెక్కలు రావు

ఈ మాట నేను జీవితంలో ఎన్నిసార్లు అనుంటానో! స్టాఫ్‌రూములో ఇన్‌కంటాక్స్ కాగితాలు ముందుకొచ్చినప్పుడల్లా అనేదాన్ని. సెమినార్లకు వెళ్ళినచోట హోటల్ బిల్లు పంచుకునేటప్పుడు అనేదాన్ని. నవ్వుతూ అనేదాన్ని. తెలుగు లెక్చరర్‌ని కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోయేవాళ్ళు కాదు. పైగా పక్కనున్న ఇద్దరు ముగ్గురు స్నేహితురాళ్ళు "నాకూ అంతే" అనేవాళ్ళు. అందరం కలిసి నవ్వుకునేవాళ్ళం. సాహిత్యంలో స్త్రీల మీద పడ్డ ముద్రల గురించి పేపర్లు చదివి వచ్చి, సాయంత్రం టీ దగ్గర ఈ ముద్రను మాత్రం మేమే ఒకరికొకరం దిద్దుకునేవాళ్ళం.

2020 ఉగాదికి మా ఊరు కనిగిరి వెళ్ళాను. పండగకు నాలుగు రోజుల ముందే చేరాను. పండగనాడే దేశమంతా తలుపులు మూసేశారు. వారం అనుకున్నది నెలలయింది. అమ్మ, తమ్ముడు, మరదలు, వాళ్ళ ఇద్దరు పిల్లలు, నేను. ఎన్నేళ్ళకో ఆ ఇంట్లో అన్ని రోజులున్నాను.

నా మేనకోడలు అప్పుడు ఐదు అయిపోయి ఆరులోకి వస్తోంది. బడి లేదు. దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చేవి గానీ, ఆ టైముకి కరెంటుండాలి, ఇంట్లో ఎవరూ వార్తలు చూడకుండా ఉండాలి, పిల్ల చేతిలో చీపురో అంట్ల గిన్నో ఉండకూడదు. ఇవన్నీ ఒకేసారి కుదిరిన రోజులు తక్కువ. ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఒకటే, తమ్ముడిది. పొద్దున ఎరువుల కొట్టుకు వాడితోపాటే వెళ్ళి, రాత్రికి వాడితోపాటే తిరిగొచ్చేది. వచ్చాక మొదటి వంతు మేనల్లుడిది. వాడు చిన్నవాడు, ఏడుస్తాడని. రెండో వంతు పిల్లది, అదీ గిన్నెలు కడిగాక. అప్పటికి ఆ రోజు డేటా అయిపోయేది.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదని తర్వాత తెలిసింది. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మన రాష్ట్రంలో 2019లో జరిగింది, అంటే కరోనాకు ముందే. జీవితంలో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన ఆడవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 21 మంది అని అందులో తేలింది. మగవాళ్ళయితే దాదాపు 49 మంది. మరుసటి ఏడాదే చదువంతా ఫోన్లలోకి వెళ్ళిపోయింది. ఎవరి చేతుల్లోకి వెళ్ళిందో ఈ రెండు అంకెలు చూస్తే చాలు.

నా ఫోన్ దానికిచ్చాను. గుంటూరులో నా సహోద్యోగి ఒకామె, లెక్కల లెక్చరర్, "సల్మాన్ ఖాన్ వీడియోలు పెట్టు" అంది. సినిమా హీరోని పెట్టడమేమిటనుకున్నాను. ఆయన వేరే. ఖాన్ అకాడమీ ఆయన. తండ్రిది బంగ్లాదేశ్‌లోని బరిసాల్, తల్లిది కలకత్తా వైపు. అమెరికాలోని లూసియానాలో పుట్టాడు. తల్లి ఒంటిచేత్తో పెంచింది.

ఆ వీడియోల పుట్టుక కథ చదివాక నాకు అందులో ఒక ఆడపిల్ల కనబడింది. 2004. ఆమె పేరు నాదియా, వయసు పన్నెండేళ్ళు, సల్మాన్ ఖాన్ బంధువుల పిల్ల. న్యూ ఆర్లీన్స్‌లో చదువుతుండేది. బళ్ళో పెట్టిన ఒక పరీక్షలో కొలతల మార్పిడి లెక్కలు చెయ్యలేకపోయింది. గాలన్లను ఔన్సుల్లోకి మార్చడంలాంటి లెక్కలు. దాంతో లెక్కల్లో వెనకబడ్డ పిల్లల వరుసలో వేస్తామన్నారు. పన్నెండేళ్ళ పిల్లకు లెక్కలు రావని ఒక పరీక్షతో తేల్చేశారన్నమాట. బోస్టన్‌లో ఒక పెట్టుబడుల సంస్థలో పనిచేస్తున్న ఖాన్, రోజూ పని అయ్యాక ఫోన్లో ఆ పిల్లకు పాఠం చెప్పడం మొదలుపెట్టాడు. యాహూ డూడుల్ అని ఒకటుండేది, అక్కడ ఒకరు గీసింది ఇంకొకరికి కనబడేది. నాదియా నిలదొక్కుకుంది. ఆమె తమ్ముళ్ళు చేరారు, ఇంకా బంధువుల పిల్లలు చేరారు. అందరికీ టైము కుదరక 2006లో పాఠాలు యూట్యూబ్‌లో పెట్టాడు. 2009లో ఉద్యోగం మానేశాడు. ఆ తర్వాతది లోకానికి తెలిసిన కథ. ఆ కథ చెప్పేవాళ్ళందరూ ఆయన గురించే చెప్తారు. రావనిపించుకున్న పిల్ల రోజూ ఫోన్ పట్టుకుని కూర్చోడానికి ఎంత పట్టుదల ఉండాలో ఎవరూ రాయరు.

2011లో ఒక ప్రసంగంలో ఖాన్ ఒక మాట చెప్పాడు. బంధువుల పిల్లలు తనను ఎదురుగా కంటే యూట్యూబ్‌లోనే ఎక్కువ ఇష్టపడ్డారట. ఆపుకోవచ్చు, వెనక్కి తిప్పుకోవచ్చు, ఆయన టైము వృథా చేస్తున్నామన్న బెరుకు లేదు. ఎప్పుడో కింది క్లాసులో మర్చిపోయినదాన్ని ఇప్పుడు చూసుకున్నా ఎవరికీ తెలియదు. కొత్త విషయం బుర్రకెక్కుతున్న ఆ మొదటి క్షణంలో ఇంకో మనిషి ఎదురుగా నిలబడి "అర్థమైందా?" అనడమంత ఇబ్బంది ఇంకోటి లేదని కూడా అన్నాడు.

ఇది విన్నప్పుడు నాకు మా క్లాసులన్నీ గుర్తొచ్చాయి. "అర్థమైందా?" అనేది మా దగ్గర ప్రశ్న కాదు. దానికి ఒకటే జవాబు, "అయింది సార్". మగపిల్లాడు కాలేదంటే అల్లరివాడు. ఆడపిల్ల కాలేదంటే, ఇక ఆమెకు కాదనే.

వీడియో తెరిస్తే మనిషి కనబడడు. నల్లటి తెర, దాని మీద పసుపు, గులాబి, ఆకుపచ్చ రంగుల్లో చేతిరాత, వెనక నుంచి ఒక గొంతు. నాకయితే అది పలకలాగే అనిపించింది. మా వైపు బళ్ళలో పలకంటే మార్కాపురం పలకే. అక్కడి గనుల్లోంచి రాయి తవ్వి, పొరలుగా చీల్చి, నున్నగా చేసి, చుట్టూ చెక్క బిగించి ఎక్కడెక్కడికో పంపేవాళ్ళు. తడి గుడ్డతో తుడిస్తే ఒక్క క్షణం నిగనిగలాడేది. ఇప్పుడు బళ్ళలో పలకలూ తగ్గాయి, ఆ పనీ తగ్గింది.

చిన్న తరగతుల్లో మాకు లెక్కలు చెప్పిన పంతులమ్మ ఒకామె ఉండేది. ఆమె తప్పు లెక్కను తుడవనిచ్చేది కాదు. పక్కన గొంతుక్కూర్చుని, పలక మీద పైనుంచి కిందికి వేలు పెట్టి చూసుకుంటూ వచ్చి ఒకచోట ఆగేది. "ఇదిగో, ఇక్కడిదాకా నువ్వు బానే వచ్చినావు" అనేది. జారింది ఎక్కడో చూపించేది తప్ప జారినందుకు ఏమీ అనేది కాదు. ఖాన్ గొంతులోని ఓపిక వింటుంటే ఆమె గుర్తొచ్చింది. కానీ ఒక తేడా ఉంది. ఆయన పలక మనకు కనబడుతుంది. మన పలక ఆయనకు కనబడదు.

అది జులైలో తెలిసొచ్చింది. పిల్ల పూర్ణసంఖ్యల దగ్గర ఆగిపోయింది. ఐదులోంచి మైనస్ మూడు తీసేస్తే ఎనిమిది. తీసేస్తే పెరగడమేమిటి? వీడియో నాలుగుసార్లు తిప్పింది. వేగం తగ్గించి పెట్టుకుంది. ఆ ఇంగ్లీషు ఇంకా సాగి సాగి వినబడింది గానీ సంగతి తెగలేదు. ఐదోసారికి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేను పక్కనే కూర్చుని పుస్తకమేదో చదువుకుంటున్నాను. దాని తల నిమిరి, ఎంతో ప్రేమగా అన్నాను.

"పోనీలేమ్మా. మనింట్లో ఆడవాళ్ళకు లెక్కలు రావులే. నాకూ రావు."

పిల్ల కళ్ళు తుడుచుకుంది. పుస్తకం మూసేసింది. దాని మొహంలో ఎంత నిశ్చింత వచ్చిందంటే, నేను దానికి మేలు చేశాననే అనుకున్నాను.

వసారాలో కందిపప్పు చెరుగుతున్న అమ్మ చేట ఆపింది. "నీకు రాకపోవడమేందిమే? టెన్తులో లెక్కల్లో ఎనభై ఎనిమిదొస్తే!"

నిజమే. 1986లో, లెక్కల్లో నూటికి 88 వచ్చాయి నాకు. క్లాసులో ఆడపిల్లల్లో మొదటిదాన్ని. ఈ సంగతి నేను మర్చిపోలేదు. కానీ నా గురించి నేను చెప్పుకునే కథలో దానికి చోటు లేకుండా పోయింది. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకుంటానన్నాను. ఎంపీసీ అంటే ట్యూషన్ తప్పదు. ట్యూషన్ చెప్పే మాస్టారికి పగలంతా ఉద్యోగం, కాబట్టి బ్యాచి రాత్రి ఏడింటికి. బ్యాచిలో అందరూ మగపిల్లలు. "చీకటి పడ్డాక మగపిల్లల మధ్య కూర్చుని చదివే చదువు మనకొద్దు" అన్నాడు నాయన. అరవలేదు, కొట్టలేదు, మెల్లగానే అన్నాడు. హెచ్ఈసీలో చేరాను. తర్వాత తెలుగు. తెలుగు నాకిష్టమే, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. మూడేళ్ళ తర్వాత తమ్ముడు అదే మాస్టారి దగ్గరికి అదే రాత్రి ఏడింటి బ్యాచికి వెళ్ళాడు. వాడికి లెక్కలంటే గిట్టదు. ఇంటర్ రెండుసార్లు రాశాడు, పాపం.

రానివ్వలేదు అనేది ఎప్పుడు రావుగా మారిందో ఎంత గుర్తుచేసుకున్నా నాకు దొరకలేదు. ఎవరో అన్నది కాదు. నేనే మార్చుకున్నాను. వద్దన్నారని చెప్పుకుంటే నాయన మీద కోపం పెట్టుకోవాలి. రావని చెప్పుకుంటే ఎవరి మీదా కోపం అక్కర్లేదు, నలుగురితో కలిసి నవ్వుకోవచ్చు కూడా. అలా ముప్పై నాలుగేళ్ళు మోసి, పదకొండేళ్ళ పిల్ల చేతిలో పెట్టాను.

చికాగో విశ్వవిద్యాలయం పరిశోధకులు 2010లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఒకటి, రెండు తరగతులకు చెప్పే 17 మంది టీచర్లు, అందరూ ఆడవాళ్ళే. లెక్కలంటే భయమున్న టీచరు క్లాసులో ఏడాది తిరిగేసరికి ఆడపిల్లల్లో కొందరు లెక్కలు మగపిల్లలవి, చదవడం ఆడపిల్లలది అనుకోవడం మొదలుపెట్టారు. అలా అనుకున్న పిల్లలు లెక్కల్లో వెనకబడ్డారు కూడా. మగపిల్లలకు ఏమీ కాలేదు. పదిహేడు మందే కదా, చిన్న అధ్యయనం కదా అనొచ్చు. నేను ఆ వాదన పెట్టుకోదలచుకోలేదు. మా వసారాలో జరిగింది నా కళ్ళతో చూశాను.

ఆ రోజు పిల్ల లెక్క విప్పింది అమ్మే. ఐదో తరగతి దాటని మనిషి. "మైనస్ అంటే ఏంది?" అనడిగింది. నేను రుణ సంఖ్య అన్నాను. పిల్ల పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. తెలుగు పేజీలో ఆ మాటే ఉంది. "రుణమా? అప్పా?" అంది అమ్మ. "అట్టా చెప్పరాదూ! నా దగ్గిర ఎనిమిదొందలుండాయి. ఎదురింటామెకు మూడొందలు ఇయ్యాల. అప్పుడు నాదనేది ఎంత?" ఐదొందలు అంది పిల్ల. "ఆమె వచ్చి, ఆ మూడొందలు ఇయ్యబాకులే అనింది. అప్పు తీసేసినట్టేగా. ఇప్పుడు నాదెంత?"

పిల్ల ఒక్క నిమిషం గోడకేసి చూసింది. తర్వాత పుస్తకం మళ్ళీ తెరిచింది.

క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు కూడా ధనం, ఋణం అనే పేర్లతోనే ఈ సూత్రాలు రాశాడని ఆ తర్వాత చదివాను. ఎంత దూరం పోయి చదివానో చూడండి. కనిగిరి వైపు పుట్టిన పిల్లకు అప్పు అంటే ఏమిటో ఎవరూ నేర్పక్కర్లేదు. వాన రాని ఏడు, బోరు పడని ఏడు, పనికోసం బెంగుళూరో హైదరాబాదో పోయిన ఏడు, అన్నీ అప్పులతోనే గుర్తు మాకు. అమెరికా నుంచి వచ్చిన గొంతుకు అది తెలిసే వీలు లేదు. అది ఆయన తప్పూ కాదు. కానీ ఆ గొంతు పిల్ల దగ్గర ఆగిన చోట ఎవరో ఒకరు పక్కన గొంతుక్కూర్చోవాలి. ఆ పని నేను చెయ్యాల్సింది.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక ఫోన్ తీసుకుని మిద్దె మీదికెళ్ళాను. పూర్ణసంఖ్యల వీడియో నాకోసం పెట్టుకున్నాను. తర్వాత భిన్నాలు. తర్వాత బీజగణితం. ఒక్కో వీడియో పది నిమిషాలు. ఆపి, పాత డైరీలో లెక్క చేసి, మళ్ళీ నడిపేదాన్ని. సిగ్గుగా ఉండేది. తమ్ముడు నీళ్ళకు లేచి పైకొస్తే ఫోన్ బోర్లించేదాన్ని, దొంగపని చేస్తున్నట్టు! ఖాన్ పాఠాల గొప్పతనం నాకు తెలిసింది అక్కడే. నలభై తొమ్మిదేళ్ళ ఆడమనిషి ఆరో తరగతి లెక్క తప్పు చేస్తే చూసేవాళ్ళు లేరు. నెల తిరిగేసరికి వర్గ సమీకరణాల దగ్గరికొచ్చాను. అక్కడ చెయ్యి తనంతట తానే నడిచింది. కారణాంకాలు విడగొట్టడం వేళ్ళకు గుర్తుంది. ఏడ్చానని చెప్పను గానీ, ఆ రాత్రి ఇంకేమీ చెయ్యలేకపోయాను.

చాన్నాళ్ళుగా క్లాసులో చెప్పే విషయం ఒకటి గుర్తొచ్చింది. పదకొండో శతాబ్దపు పావులూరి మల్లన మహావీరాచార్యుల గణితాన్ని తెలుగు చేశాడు, దాని పేరు సారసంగ్రహ గణితం. ఒక మార్కు ప్రశ్న అది. పేరు చెప్పి ముందుకు పోయేదాన్ని. తెలుగు పద్యాల్లో చెప్పిన లెక్కలు ఎలా ఉంటాయో ఒక్కసారి కూడా తెరిచి చూడలేదు. భాస్కరాచార్యుని లీలావతి గురించి అయితే కథ చెప్పేదాన్ని. పెళ్ళి ముహూర్తం తప్పిపోయిన కూతుర్ని ఓదార్చడానికి ఆమె పేరుతో తండ్రి లెక్కల పుస్తకం రాశాడని. 1587లో ఫైజీ చేసిన పారశీక అనువాదంలో ఆ కథ ఉంది. నిజమో కాదో. ఆ కథలోనూ లీలావతి లెక్క చేసిందని గానీ, తప్పు చేసిందని గానీ, తండ్రినేదైనా అడిగిందని గానీ లేదు.

పిల్లకు తర్వాత ఇంకో ఆయన దొరికాడు. ఎడ్డీ వూ. సిడ్నీలో ప్రభుత్వ బడి టీచరు. 2012లో ఆయన క్లాసులో ఒక పిల్లాడు క్యాన్సర్‌తో బడికి రాలేకపోతుంటే, ఆ పిల్లాడి కోసం పాఠాలు వీడియో తీయడం మొదలుపెట్టాడు. ఆయన వీడియోల్లో క్లాసు వినబడుతుంది. పిల్లలు మధ్యలో అడుగుతారు, తప్పు జవాబులు చెప్తారు, నవ్వుతారు. మా పిల్లకు ఖాన్ కంటే ఇవే నచ్చాయి. "ఇందులో నాలాంటోళ్ళు ఉన్నారత్తా" అంది. ఇద్దరు మాస్టార్లూ లక్షలమంది కోసం మొదలుపెట్టలేదు. ఒకరు ఒక పిల్ల కోసం, ఒకరు ఒక పిల్లాడి కోసం. ఆ పాఠాల్లో ఇంకా తడి ఉందంటే అందుకేనేమో అని నాకొక ఊహ.

2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ప్రభుత్వ బళ్ళలో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులిచ్చింది. నెట్ లేకపోయినా పాఠాలు నడుస్తాయి. ఆ పథకం మంచిచెడ్డల మీద చాలా వాదనలు జరిగాయి, నేను వాటిలోకి పోను. మా ఇంట్లో ఒక ఆడపిల్ల పేరు మీద వచ్చిన మొదటి యంత్రం అది. తమ్ముడు చేతికి తీసుకోబోతే "అది నాది నాన్నా, బళ్ళో సంతకం పెట్టినా" అందట. మరదలు ఫోన్లో చెప్పి చెప్పి నవ్వింది.

2025 మేలో మళ్ళీ వెళ్ళాను. టెన్త్ ఫలితాలు వచ్చాయి. పిల్ల ఎంపీసీ అంటోంది. తమ్ముడు ఒంగోలులో హాస్టల్ ఖర్చు లెక్కలేస్తున్నాడు. హాస్టల్ కాదు, ఇక్కడే కాలేజీలో చేరి సాయంత్రం ట్యూషన్‌కు పోతానంటోంది అది. ఎనిమిదింటికి వదుల్తారు. తమ్ముడు నాయనలాంటివాడు కాదు. కానీ "ఎనిమిదింటికా?" అని వాడన్నప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. ఆ గొంతు నేను విన్నదే.

నేనేదో అనబోయేలోపే అమ్మ అందుకుంది. "నాలుగొందల పన్నెండు అడుగులు."

ఏమిటన్నాను.

"ఆ మాస్టారిల్లు. అప్పుడు నీ ట్యూషన్ కాడ. దూరమంటాడే మీ నాయన, చీకటంటాడే, అని ఒకనాడు మాపటేళ పోయి లెక్కబెట్టుకుంటా వచ్చినా. మన గడప కాణ్ణించి వాళ్ళ గడపకు. నాలుగొందల పన్నెండు. నేను తోడు పోయి తీసుకొస్తానని చెప్పినా. ఇనలా."

ముప్పై తొమ్మిదేళ్ళు ఆ అంకె ఆమె దగ్గరే ఉంది. నాకెప్పుడూ చెప్పలేదు. నేనూ ఎప్పుడూ అడగలేదు. నాయన ఫోటో వైపు చూడాలో అమ్మ వైపు చూడాలో తెలియక కూర్చున్నాను. తమ్ముడు చేతిలో కాలిక్యులేటర్ పక్కన పెట్టేశాడు.

పిల్ల మాత్రం లేచి వెళ్ళి నాయనమ్మను నిలబెట్టింది. "ఒక అడుగెయ్యి" అంది. బళ్ళో ఇచ్చిన స్కేలు రెండుసార్లు పెట్టి కొలిచింది. "మోకాళ్ళ నొప్పిమే, అప్పుడైతే ఇంకాస్త పడేది" అంటోంది అమ్మ. అరవై సెంటీమీటర్లు వేసుకుందామంది పిల్ల. నోటితోనే కట్టింది. "ఇరవై నాలుగు వేల ఏడొందల ఇరవై సెంటీమీటర్లు. అంటే రెండొందల నలభై ఏడు మీటర్ల ఇరవై సెంటీమీటర్లు."

నా వైపు తిరిగింది. "పావు కిలోమీటరు కూడా లేదు అత్తా."